నేను మార్కాపురం పలకని

నన్ను చూడగానే మీకు ఓనమాలు గుర్తొస్తాయి. నాకు ముందు గుర్తొచ్చేది ఉలి దెబ్బ. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట నీళ్ళ అడుగున పేరుకున్న బురద, పైనుంచి పడ్డ బరువుకీ వేడికీ గట్టిపడి పొరలు దేరితే నేను పుట్టాను. కంభం, మార్కాపురం చుట్టుపక్కల నేల కింద మా రాయి చాలా ఉంది. భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు ఆ రాతి పొరలకు కంభం పేరే పెట్టుకున్నారు. సరైన చోట ఉలి ఆనించి కొడితే పలుచని రేకులుగా విడివడటం మా గుణం. ఆ గుణంవల్లే ఊరికి పేరొచ్చింది. గనుల నుంచి బండలు రావడం, వాటిని చీల్చడం, కొలతకు కోయడం, అరగదీయడం, కొయ్య చట్రం బిగించడం, డజన్ల లెక్కన కట్టలు కట్టడం, ఇదంతా అప్పట్లో మా ఊరి బతుకుతెరువు. చెన్నకేశవస్వామి తిరునాళ్ళకు వచ్చిన చుట్టాలు కూడా తిరుగు ప్రయాణంలో పిల్లలకు రెండు పలకలు కొనుక్కుపోయేవారు.

కోతకూ గనికీ పెద్దవాళ్ళు కావాలి. చట్రం బిగించడానికీ, అంచులు నునుపు చేయడానికీ, తుడిచి కట్ట కట్టడానికీ చిన్న చేతులు సరిపోయేవి. చిన్న చేతులకు కూలీ కూడా చిన్నదే. అందుకని పలక చేసే పిల్ల చేతికి పలక పొద్దుగూకులూ వస్తూనే ఉండేది, బలపం మాత్రం వచ్చేది కాదు. నా తోబుట్టువులు కొన్ని బాసర వెళ్ళి బియ్యం పళ్ళెం పక్కన కూర్చుని పసుపు కుంకుమ పెట్టించుకుని ఉంటాయి. వాటికి చట్రం బిగించిన పిల్లకు అక్షరాభ్యాసం ఎవరూ చేయలేదు.

ఈ సంగతి ఢిల్లీకి కూడా తెలిసింది. 1987లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మిక విధానం ప్రకటించి, 1988లో తొమ్మిది చోట్ల ప్రాజెక్టులు పెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి, అలీగఢ్ తాళాలు, ఆ వరసలో మార్కాపురం పలకలు. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడిపి, మధ్యాహ్నం అన్నం పెట్టి, నెలకు వంద రూపాయలు వాళ్ళ పేరున వేసి, ఆ తర్వాత మామూలు బడిలో చేర్పించాలన్నది పథకం. అలాంటి ఒక బడికి, అద్దె ఇంటి వసారాలోకి, నేను చేరాను. దానంగా చేరాను. నా కుడి మూల కొంచెం విరిగింది. విరిగిన సరుకు అమ్ముడుపోదు గనక ఫ్యాక్టరీవాళ్ళకు ఆ దానం చేయడానికి పెద్ద మనసు అక్కర్లేదు.

బళ్ళో కూడా నన్నెవరూ తీసుకోలేదు. మామూలు బడి పిల్లలైతే పలక ఇస్తే సంబరపడతారు. వీళ్ళు వెనక్కి తిప్పి చట్రం చూశారు, వేలి మెటికతో కొట్టి చప్పుడు విన్నారు. "ఇది మెత్తరాయి టీచర్, నెలకే పగుల్తది" అని ఒకడు, "మేకు వంకర కొట్టినారు, మా అక్క ఇట్టా కొట్టదు" అని ఒకతె, నన్ను పక్కన పెట్టేశారు. అలా నేను టీచరమ్మ పలకనయ్యాను.

ఆ అమ్మాయి ఇంటర్ అయ్యి, టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తున్న పిల్ల. ఇంట్లోవాళ్ళు "ఈ వంకన రోజంతా పోతే పరీక్షకు ఎప్పుడు చదువుతావే" అని సణిగేవాళ్ళు. ఆమెకు ఇచ్చేది గౌరవ వేతనం. అదీ పై ఆఫీసులో ఏ బల్ల మీదో ఆగి నెలల తరబడి వచ్చేది కాదు. వంట చేసే పెద్దమ్మకు కూడా అంతే. అయినా కుండ మాత్రం రోజూ పొయ్యెక్కేది. బియ్యం ఆలస్యమైతే అప్పు తెచ్చిన ఇళ్ళ పేర్లు నా మీదే రాసేది.

ఆమె పాఠం మొదలెట్టిన తీరు మీకు చెప్పాలి, ఎందుకంటే అంత తెలివైన పాఠం నా మీద మళ్ళీ ఎవరూ చెప్పలేదు. మొదట్లో అందరిలాగే రెండో ఎక్కం రాసింది. పదేళ్ళ పిల్ల ఒకతె నేల చూపులు చూస్తూ, "నాకు ఎక్కాలు రావు టీచర్, నన్ను పంపించెయ్యి" అంది. టీచరమ్మ బలపం కింద పెట్టి అడిగింది.

"రోజుకు ఎన్ని పలకలు కట్టేదానివి?"

"అయిదు డజన్లు. సందేళ దాకా ఉంటే ఏడు."

"అయిదు డజన్లంటే ఎన్ని?"

"అరవై."

"ఏడయితే?"

"ఎనబై నాలుగు." ఆ పిల్లకు ఆలోచించాల్సిన పనే పడలేదు.

"ఎక్కాలు రావంటావేంది మరి? అందరూ ఆఖర్న నేర్చుకునే పన్నెండో ఎక్కం నీకు నోటికి వచ్చు కదే!"

వసారా అంతా ఒక్కసారి గోల. అందరికీ పన్నెండో ఎక్కం వచ్చు. కట్టలు కట్టిన పిల్లలు కదా. మరుసటి రోజు నుంచి ఆ బళ్ళో ఎక్కాలు పైనుంచి కిందికి దిగాయి. పన్నెండులో సగం ఆరు, ఆరులో సగం మూడు, పన్నెండుని మూడు వాటాలు వేస్తే నాలుగు. తనిఖీకి వచ్చిన ఒకాయన "రెండో ఎక్కం రాకుండా పన్నెండోదా?" అని కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయన ఎప్పుడూ కట్టలు కట్టలేదు.

లెక్క వచ్చాక ఇంకోటి వచ్చింది. ఆ పిల్లే ఒక రోజు, "డజనంటే పన్నెండు కదా టీచర్, మా అమ్మ దగ్గర గుమాస్తా పదమూడు తీసుకుంటాడేంది?" అని అడిగింది. పగుళ్ళ కింద ఒకటి అదనంగా పెట్టాలని అక్కడ రివాజు. పగలకపోయినా పెట్టాలి. పిల్ల నా మీదే వారానికి ఎన్ని పలకలు పోతున్నాయో వేసి, అంకె చూసి ఇంటికి పరిగెత్తింది. తల్లి మరుసటి పొద్దున వెళ్ళి గట్టిగా అడిగింది. ఆ వారం పన్నెండే తీసుకున్నారు. పై వారం మళ్ళీ పదమూడు. ఎంత పోతోందో మాత్రం ఆ తల్లి ఇప్పుడు అణా పైసలతో చెప్పగలదు. ఆ పిల్లను బడి మాన్పించే మాట ఆ ఇంట్లో తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఇక టీచరమ్మ భక్తి గురించి. ఆమెది బాప్టిస్టుల కుటుంబం. 1876లో మొదలైన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న మాదిగలకు పని ఇప్పించాడు. ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్ళను ఆగమన్నాడు, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలోకి దిగినవాళ్ళలో తమ పెద్దలున్నారని ఆమె నాయనమ్మ చెప్పేదట. ఈ కథలో టీచరమ్మకు నచ్చింది ఆ అంకె కాదు, ముందు జరిగిన ఆ ఆపడం. అన్నం పెట్టే చోట దేవుణ్ణి బేరానికి పెట్టకూడదని ఆమె దాన్నుంచి నేర్చుకుంది. బళ్ళో పొద్దున్నే 'మా తెలుగు తల్లికి' పాడించేది, అంతే. ఒక తండ్రి వచ్చి, "అన్నం పెట్టి మతం మారుస్తారంట గదా, మా పిల్లచేత ప్రార్థన చేయిస్తన్నారా?" అని నిలదీశాడు.

"మీ పాప కోసం చేస్తన్నాను అన్నా, మీ పాపచేత చేయించట్లేదు. వద్దంటే చెప్పండి, అది కూడా మానేస్తాను."

ఆయన కాసేపు నిలబడి, "చేస్తే చెయ్యిలే అమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ ప్రార్థన ఎలా ఉండేదో నాకొక్కదానికే తెలుసు. రాత్రి ఇంటికి తీసుకుపోయి, ఆ రోజు బడికి రాని పిల్లల పేర్లు నా మీద రాసేది. ఒక్కో పేరు మీద వేలు పెట్టి పెదాలు కదిపేది. పొద్దున్నే అదే జాబితాతో ఆ ఇళ్ళకు వెళ్ళేది. పిల్ల బడికొస్తేనే పేరు తుడిచేది. అమ్మాయి ప్రార్థనకు కాళ్ళుండేవని నేనంటాను. దేవుడికి చెప్పాను గదా, ఇక ఆయన చూసుకుంటాడులే అనే భక్తి కూడా నేను చూశాను. దానివల్ల ఎవరూ బడికి రాలేదు.

తుడవని పేరు ఒకటి ఉంది. చురుకైన పిల్లాడు, నన్ను మెత్తరాయి అన్నవాడే. వాడి నాన్న కోత మిషను దగ్గర పనిచేసేవాడు. ఏళ్ళ తరబడి రాతిదుమ్ము పీల్చిన ఛాతీ, రాత్రుళ్ళు కూర్చునే నిద్ర. తండ్రి పనికి పోలేని రోజు నుంచి కొడుకు పోవడం మొదలెట్టాడు. టీచరమ్మ వెళితే తల్లి వాకిట్లోనే అంది: "నీ దేవుడు నీ మాట వింటాడు గదమ్మా, మా ఆయన దగ్గు తగ్గించమని చెప్పు. రేపే నీ బడికి పంపిస్తా."

టీచరమ్మ దగ్గర జవాబు లేదు. మరుసటి రోజు సెలవు పెట్టి ఆ మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేసిన గాయాన్ని మాన్పే మందు లేదు, దుమ్ముకు దూరంగా ఉండటమే. ఈ సంగతి చెప్పడానికి దేవుడక్కర్లేదు, డాక్టరు చాలు. ఆ రాత్రి ఆమె ప్రార్థన చేయలేదు. పేరు మాత్రం రాసింది. పిల్లాడు తిరిగి రాలేదు. వాడి చెల్లెలు వచ్చింది. సగం గెలుపని ఎవరైనా అంటే టీచరమ్మ ఒప్పుకునేది కాదు.

అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి పిల్లనూ బాలకార్మికురాలిగానే చూడాలని వాదిస్తూ, పిల్లల్ని శిబిరాల్లో చదివించి బళ్ళలో చేర్పిస్తోంది. పేదరికం పోయాక చదువు అనేవాళ్ళతో వాళ్ళకు పేచీ. మా టీచరమ్మ అక్కడికి వెళ్ళింది లేదు గానీ పేచీ మాత్రం అదే. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో తీర్పిచ్చి, పిల్లల్ని పెట్టుకున్న యజమాని ఒక్కో బిడ్డకు 20,000 రూపాయలు కట్టాలంది. పేపర్లో ఆ ముక్క చదివి పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. తమ ఖరీదు అంతని వాళ్ళకు తెలియదు. తర్వాత తనిఖీలు పెరిగాయి, ఫ్యాక్టరీ గుమ్మాల్లో పిల్లలు తగ్గారు. పని మటుకు ఇళ్ళ అరుగుల మీదికి మారింది. టీచరమ్మ ఏ ఇంటికి వెళ్ళినా ఒకే మాట: "పనికి పంపట్లేదమ్మా, మా ఇంటి పనే కాస్త సాయం చేస్తాంది."

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తాను. ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, ఒకటో తరగతికే నోటు పుస్తకాలు వచ్చాయి, మాకు గిరాకీ పడిపోయింది. ఫ్యాక్టరీల్లో పిల్లలు తగ్గడానికి చట్టం ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అనుమానం. కాని పని లేకపోయినంత మాత్రాన పిల్లలు బడికి వచ్చేయరు. మిరప చేలున్నాయి, పత్తి చేలున్నాయి, వలసలున్నాయి. ఎవరో ఒకరు పొద్దున్నే జాబితా పట్టుకుని వాకిట్లో నిలబడాల్సిందే. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ప్రత్యేక పాఠశాలల పథకాన్ని 2021లో సమగ్ర శిక్షలో కలిపేశారు. టీచరమ్మకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చి వేరే మండలానికి వెళ్ళింది. నన్ను వెంట తీసుకెళ్ళింది. హాజరు ఇప్పుడు ఫోన్లో వేస్తారు. రాని పిల్లల పేర్లు మాత్రం ఇంకా నా మీదే పడుతున్నాయి.

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. అది మంచి మాట. ఆ వెంటనే, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ పిల్లలు సాయం చేయొచ్చని మినహాయింపు ఇచ్చారు. అరుగు మీద దీపం పెట్టుకుని చట్రాలు బిగించిన పిల్లలు నాకు తెలుసు. వాళ్ళు పొద్దున బళ్ళో కూర్చుని నిద్రపోవడం, టీచరమ్మ లేపకుండా చున్నీ కప్పడం కూడా తెలుసు. ఇంటి పని ఎక్కడ ఆగుతుందో, కూలిపని ఎక్కడ మొదలవుతుందో చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాత్రిపూట అరుగుల మీదికి రాడు. ఆ మినహాయింపు తీసేయాలి.