అయిదు లక్షల కారును పది లక్షలకు కొనడమెలా?

చవక కార్లు దొరకడం లేదని వాపోయేవాళ్లు పొరబడుతున్నారు. ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పైనున్న సెస్సు కూడా ఎగిరిపోయింది. దాంతో మారుతి ఎస్-ప్రెస్సో ప్రారంభ ధర మూడున్నర లక్షల దగ్గరికి, ఆల్టో కే10 ధర 3 లక్షల 70 వేల దగ్గరికి వచ్చి ఆగాయి. రెనో క్విడ్, టాటా టియాగో కూడా అయిదు లక్షల గీతకు ఇవతలే మొదలయ్యాయి. నాలుగు చక్రాలుంటాయి, స్టీరింగు ఉంటుంది, వానొస్తే తడవకుండా నెత్తిన ఇనప కప్పుంటుంది. కావలసిందల్లా దాన్ని కొని మన వీధిలోకి తెచ్చుకునే ధైర్యం. ఆ ధైర్యానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు.

కాబట్టి అయిదు లక్షల బడ్జెట్‌తో బయల్దేరిన తెలుగు సంసారి పది లక్షల బండితో ఇంటికి చేరుకునే విధానాన్ని ఇక్కడ శాస్త్రోక్తంగా వివరిస్తున్నాం. చాలామంది ఈ పనిని పద్ధతి లేకుండా చేసి ఆరున్నర దగ్గరే చతికిలపడుతున్నారు.

మొట్టమొదట బడ్జెట్‌ను బయటపెట్టాలి. మనసులో దాచుకున్న బడ్జెట్ ఎదగదు. భోజనాల దగ్గర అందరూ ఉండగా ‘‘ఓ అయిదు లక్షల్లో చూద్దామనుకుంటున్నా’’ అని పైకి అనండి. బామ్మర్ది అన్నం కలపడం ఆపుతాడు. అతనికి కారు లేదు, యూట్యూబ్ ఉంది. అందులో పూటకో కారు నడుపుతాడు.

‘‘అయిదులో ఏమొస్తుంది బావా, డబ్బా వస్తుంది. ఇంకొక్క లక్ష వేసుకో, బండొస్తుంది.’’

ఈ దేశంలో పెట్రోలు కన్నా ఎక్కువ కార్లను నడిపిస్తున్నది ‘ఇంకొక్క లక్ష’ అనే మాటే. అయిదు దగ్గర అది నిజం, ఆరు దగ్గర నిజం, తొమ్మిది దగ్గర మరీ నిజం. ఎక్కడ ఆగి చూసినా పై మోడల్ లక్ష దూరంలోనే కనిపించేలా కంపెనీలు వాటిని వరుసగా పేర్చి పెట్టాయి. ఇంతలో అత్తగారు వడ్డన ఆపి ‘‘మా చెల్లెలి అల్లుడు తీసుకున్నాడే, తెల్లగా, ఎత్తుగా... అలాంటిది చూడండి అల్లుడుగారూ’’ అన్నారంటే సగం పని అయినట్టే. తొడగొట్టి మరీ అడ్డం తిరగాల్సిన ఘడియ అదే. ఆ ఘడియలో మన సంసారి పెరుగు అడుగుతాడు.

రెండో మెట్టు షోరూం. అక్కడ గోడ మీద రాసి ఉండేది ఎక్స్‌షోరూం ధర. అంటే బండి షోరూంలో నిలబడి ఉన్నంతసేపు వర్తించే ధర. గుమ్మం దాటితే దాని పేరు ఆన్‌రోడ్. తెలంగాణలో అయిదు లక్షల లోపు కారుకు లైఫ్ ట్యాక్స్ 13 శాతం, ఆ గీత దాటితే 14. కారు ధర 4 లక్షల 99 వేలైతే కట్టేది 64,870 రూపాయలు. 5 లక్షల ఒక వెయ్యి అయితే 70,140. ధరలో పెరిగిన రెండు వేలకు పన్నులో పెరిగినవి 5,270. పైగా ఈ లెక్క జీఎస్టీ కలిసిన ధర మీద. అంటే మీరు కట్టిన పన్నుకు కూడా మీరే పన్ను కడతారు. దీన్ని బాధ్యత గల పౌరసత్వం అంటారు.

తర్వాత బీమా. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. వెయ్యి సీసీ లోపు ఇంజిన్‌కు 2022లో ఖరారు చేసిన రేటు 6,521 రూపాయలు. దాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది గనక ఎక్కడ కట్టినా ఒకటే. అంతవరకు న్యాయమే. అసలు రుచి దాని పైన వేసే తాలింపులో ఉంది: మన బండికి దెబ్బ తగిలితే ఒక బీమా, తరుగు తీసేయకుండా ఇంకోటి, ఇంజిన్‌లో నీళ్లు చేరితే మరోటి, తాళం చెవి పోతే తాళం చెవికి ఒకటి. ఈ భాగాన్ని బయట ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు, బేరమూ ఆడొచ్చు. కాని ‘‘బయట తీసుకుంటే క్లెయిమ్‌కి ఇబ్బందవుతుంది సార్’’ అని సేల్స్ కుర్రాడు గొంతు తగ్గించి చెప్పగానే, ఆసుపత్రిలో డాక్టర్ ఎదుట కూర్చున్నట్టు మనం తలాడిస్తాం.

కొటేషన్ కాగితంలో ఆఖరి వరసలో హ్యాండ్లింగ్ చార్జీలు అని ఉంటుంది. షోరూం తన బండిని తన ఆవరణలో అటునుంచి ఇటు జరుపుకున్నందుకు మనమిచ్చే కూలీ అది. చట్టంలో దీనికి చోటు లేదు. గట్టిగా అడిగితే తీసేస్తారు కూడా. అడిగితే తీసేసేదాన్ని ముందు ఎందుకు రాశారని అడగడం మర్యాద కాదు. అందుకే అది పదిమందిలో తొమ్మిదిమంది కాగితం మీద అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు మోడళ్ల నిచ్చెన. పత్రికలో వచ్చే ప్రకటనలో ధర బేస్ మోడల్‌ది, బొమ్మ టాప్ మోడల్‌ది. రెంటినీ కలిపేది ధర పక్కన మెరిసే చిన్న చుక్క. బేస్ మోడల్ చూపించమంటే షోరూంలో అది ఉండదు. ‘‘ఆర్డర్ పెట్టాలి సార్, మూడు నెలల వెయిటింగ్. టాప్ అయితే ఇవాళే తీసుకెళ్లొచ్చు.’’ ఆకలిగా ఉన్నవాడికి ఇడ్లీ రేపు, బిర్యానీ ఇప్పుడే అన్నట్టు చెబుతాడు.

ఇక్కడ ఒక రహస్యం. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. వెనక్కి తీసేటప్పుడు కీచుమనే సెన్సర్లు, సీటు బెల్టు పెట్టుకోకపోతే గోలచేసే గంట అదే ఏడాది జులై నుంచి వచ్చాయి. ముందు సీట్లు రెంటికీ ఎయిర్‌బ్యాగులు 2022 నుంచి లేకుండా కుదరదు. అంటే ప్రాణం కాపాడేవాటిలో చాలా భాగం చట్టం బలవంతాన కింది మోడల్లోకీ దిగాయి. పరువు కాపాడేవి మాత్రం టాప్ మోడల్లోనే ఉండిపోయాయి: మెరిసే చక్రాలు, గోడగడియారం కన్నా పెద్ద తెర, కారు రంగులోనే తలుపు పిడి. నల్ల పిడి పట్టుకుని తలుపు తీస్తే పక్కింటాయన చూస్తాడు. ఆ చూపు ఖరీదు లక్షన్నర దాకా ఉంటుంది.

అన్నిటికీ తలమానికం సన్‌రూఫ్. మే నెల మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో నెత్తి మీద ఎండ పడటానికి విడిగా డబ్బు కట్టాలనే ఆలోచన మన పూర్వీకులకు తట్టలేదు. వాళ్లు ఊరికే ఎండలో నిలబడ్డారు. సన్‌రూఫ్ ఎందుకంటే, అందులోంచి తల బయటపెట్టి పిల్లలు కేకలేయడానికి. అలా పెట్టడం ప్రమాదం. ఆ సంగతి తెలిసిన నాన్న దాన్ని ఎప్పుడూ తీయనివ్వడు. అప్పు తీరేదాకా అది అద్దాల కప్పుగానే ఉంటుంది, ఏసీకి పని పెంచుతూ.

చిన్న కారు చిన్నగా ఉందని చిన్నబోయేవారికి కంపెనీలు మరో దారి చూపాయి: పొట్టిగా ఉండే పెద్ద కారు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు కార్లకు పన్ను రాయితీ ఇచ్చారు. అప్పట్నుంచి మన దేశంలో నెక్సాన్, వెన్యూ, బ్రెజా, సోనెట్ అనే నాలుగు వేర్వేరు కంపెనీల బళ్లు సరిగ్గా ఒకే పొడుగుకు పెరిగి ఆగిపోయాయి: 3,995 మిల్లీమీటర్లు. మిగిలిన అయిదు మిల్లీమీటర్లు పన్నుల శాఖకు భయపడి వదిలిన జాగా. ముందు నుంచి చూస్తే ఎమ్మెల్యే బండి, పక్క నుంచి చూస్తే చిన్న కారు. అందుకే ఫొటో ఎప్పుడూ ముందు నుంచే తీస్తారు.

చవక కారంటే మనకు ఇంత భయమెందుకో తెలియాలంటే నానో కథ గుర్తు చేసుకోవాలి. వానలో స్కూటర్ మీద ఇరుక్కుని వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు వచ్చిన ఆలోచన అది. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించారు, 2009లో అమ్మకానికి పెట్టారు. లక్ష రూపాయల కారని ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూముల గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కు తరలింది, కొన్ని బళ్లకు మంటలంటుకున్నాయి. అవన్నీ తట్టుకున్నా, ‘అన్నిటికన్నా చవకైన కారు’ అన్న ముద్రను మాత్రం అది తట్టుకోలేకపోయింది. అలా ప్రచారం చేయడం తప్పేనని తర్వాత రతన్ టాటాయే అన్నారు. 2018 జూన్ నెల మొత్తానికి ఆ ఫ్యాక్టరీలో తయారైంది ఒకే ఒక్క నానో. స్కూటర్ మీద తడిసే కుటుంబం తడుస్తూనే ఉంది గాని, నానో ఎక్కి నలుగురి కంటా పడలేదు.

నానోను లోకానికి చూపించడానికి పాతికేళ్ల ముందు, 1983 డిసెంబరులో, తొలి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ అందజేసినప్పుడు దాని ధర యాభై వేల లోపే. దాన్ని చూసి ఎవరూ ముఖం తిప్పుకోలేదు. చవకగా ఉందని కాదు, పక్కింటాయనకు అది లేదని. పక్కింటాయనకు లేకపోతే ఎంత చిన్న కారైనా పెద్దదే, ఆయనకూ ఉంటే ఎంత పెద్ద కారైనా చాలదు. మన ఆటోమొబైల్ పరిశ్రమ మొత్తం నడిచేది ఈ ఒక్క సూత్రం మీదే.

ఇక ముహూర్తం. ఆషాఢంలో, మూఢంలో మనవాళ్లు బండి కొనరు కాబట్టి షోరూంలో ఈగలు తోలుకుంటూ ఉంటారు, తగ్గింపులు ఇస్తారు. ఏడాది మారగానే, జనవరిలో, కిందటేడు తయారైన బళ్లను వదిలించుకోవడానికి ఇంకా తగ్గిస్తారు. ఆ రెండు కాలాల్లోనూ ఇంట్లో తలుపేసుకుని కూర్చుని, దసరాకో ధనత్రయోదశికో అందరితోపాటు వరసలో నిలబడి నిండు ధరకు కొనడం మన ఆచారం. శుభమంటే అదే. అటుపైన అంకెల శాస్త్రం. కూడితే తొమ్మిది రావాలి. ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో 2024 ఆగస్టులో ఒక్క 9999 నంబరు వేలంలో 25 లక్షలు దాటింది. ఆ డబ్బుతో ఆరు చిన్న కార్లు వస్తాయి. ఆరు కార్లుంటే ఏం లాభం? వాటి నంబర్లు ఎవరు చదువుతారు?

చివరి మెట్టు అప్పు. ఇప్పటికి ఎనిమిదిన్నర లక్షల బండి ఆన్‌రోడ్‌లో పది అయింది. మూడు చేతి నుంచి, ఏడు బ్యాంకు నుంచి. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్ల వాయిదాల మీద తీసుకుంటే నెలకు 11,440 రూపాయలు. ‘‘రోజుకు నాలుగొందలు కూడా పడదు సార్’’ అంటాడు కుర్రాడు. ఆఖరికి బ్యాంకుకు చేరేది 9 లక్షల 61 వేలు. అందులో వడ్డీయే 2 లక్షల 61 వేలు. చేతి డబ్బు కలిపితే పది లక్షల బండి పన్నెండున్నర దాటింది. అయిదు లక్షల మనిషి ఇంత దూరం వచ్చాడంటే అతని పట్టుదలను మెచ్చుకోవాలి.

బండి ఇంటికొస్తుంది. గుడి ముందు గుమ్మడికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి. సోమవారం ఉదయం కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో ఎవరు పోతారని యజమాని స్కూటర్ తీస్తాడు. కారు సెల్లార్‌లో కవర్ కప్పుకుని పడుకుంటుంది. నెలకు నాలుగు ఆదివారాలే బయటికి తీస్తే, వాయిదా లెక్కన ఒక్కో ఆదివారం ఖరీదు 2,860. పెట్రోలు అదనం. అది లీటరుకు ఎన్ని కిలోమీటర్లిస్తుందని మాత్రం అందరూ ఆరా తీస్తారు. నిలబడి ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా ఇస్తుంది.

ఇంత వివరంగా చెప్పినా కొందరు దారితప్పుతారు. బామ్మర్దిని ఇంట్లో వదిలేసి షోరూంకు వెళ్తారు. ఎక్స్‌షోరూం సంగతి వదిలేసి ఆన్‌రోడ్ ధరను పద్దులవారీగా కాగితం మీద రాయించుకుంటారు. హ్యాండ్లింగ్ దగ్గర గీత కొట్టిస్తారు. బీమా బయట కనుక్కుని వస్తారు. బండి ఏ నెలలో తయారైందో ఛాసిస్ నంబరు చూసి అడుగుతారు. పైగా ఆషాఢంలో వెళ్తారు. వారానికి ఎన్నిసార్లు, ఎంతమంది, ఎంత దూరం పోతామని ఇంట్లోనే లెక్కేసుకుని, నల్ల పిడి ఉన్న చిన్న కారుతో తిరిగొస్తారు. మిగిలిన డబ్బు ఏం చేశారని అడిగితే మిగిల్చామంటారు. వీళ్లను శిక్షించడానికి చట్టంలో ఏ సెక్షనూ లేకపోవడం విచారకరం. ఆ లోటును అపార్ట్‌మెంట్ వాసులు తీరుస్తారు. లిఫ్ట్‌లో ఎదురై ‘‘ఇది ప్రస్తుతానికా అండీ?’’ అని జాలిగా పరామర్శిస్తారు. ఆ మొండివాళ్లు ‘‘అవునండీ, ప్రస్తుతానికే’’ అని నవ్వేసి, పన్నెండేళ్లు అదే నడుపుతారు. ఇలాంటివాళ్లు ఇంటికొకరు తయారైతే ఈ దేశ ఆర్థిక వృద్ధి ఏమైపోవాలి?