త్యాగధనులు కావలెను

"దేశం బాగుపడాలంటే ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి సార్!" సికింద్రాబాద్ పార్కుల్లో పొద్దున్నే వాకింగ్ చేసే పెద్దమనుషుల తారకమంత్రం ఇది. గమ్మత్తేమిటంటే, ఆ 'ఎవరో ఒకరు' ఏనాడూ మారేడుపల్లిలో ఉండరు. ఎప్పుడు చూసినా నది ఒడ్డునే ఉంటారు.

డ్యాములు దండగని నేననను. నాగార్జునసాగర్ లేకపోతే నల్లగొండ నుంచి ప్రకాశం దాకా లక్షల ఎకరాలు బీడు. సాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి రాకపోతే జంటనగరాల నల్లాల్లో వచ్చేది గాలే. తాగేది మనమైనప్పుడు త్యాగం మాత్రం పరాయివాళ్లకెందుకు వదిలేయాలి?

అందుకే నా ప్రతిపాదన: సికింద్రాబాద్ మహా జలాశయం. పరేడ్ గ్రౌండ్‌లో శంకుస్థాపన. మారేడుపల్లి, కార్ఖానా, సైనిక్‌పురి ముంపు. పరిహారం రిజిస్ట్రేషన్ విలువ ప్రకారమే. మార్కెట్ రేటు అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడు. ఖాళీ చెయ్యమని మొండికేస్తే 1981లో శ్రీశైలం ముంపు గ్రామాల్లో నడిచిన 'ఆపరేషన్ డిమాలిషన్' ఉండనే ఉంది. ఇంటికో ఉద్యోగమా? 1986 నాటి జీవో 98 చూపిస్తాం. దాన్ని పట్టుకుని శ్రీశైలం నిర్వాసితులు దశాబ్దాలుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు, మీరూ వెనకాల లైన్లో నిలబడండి. స్టేషన్ దగ్గరి గణపతికి మాత్రం బెంగ అక్కర్లేదు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టలేదూ? దేవుళ్లకు పునరావాసం మనం శ్రద్ధగానే చేస్తాం.

ఇంత పెద్దది దేనికని అడక్కండి. పెద్దదైతేనే ప్రారంభోత్సవానికి అందం. 1955 డిసెంబర్ 10న సాగర్‌కు పునాదిరాయి వేసిన నెహ్రూగారే, మూడేళ్లు తిరక్కుండా, మనకు భారీతనం జబ్బు పట్టుకుందేమోనని ఇంజనీర్ల సభలో వాపోయారు. జబ్బు సంగతి మరిచి భారీతనం ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం.

ఎన్నాళ్లుంటుందనీ అడక్కండి. 308 టీఎంసీలతో మొదలైన శ్రీశైలం, పూడిక మేసి 215 దగ్గరికి దిగింది. 2019 జూన్‌లో ఆర్భాటంగా మొదలైన కాళేశ్వరంలో మేడిగడ్డ పియర్లు 2023 అక్టోబర్‌లోనే కుంగాయి. బ్యారేజీ కుంగినా ఊళ్లు వెనక్కి రావు. మునిగిన ఊరికి గ్యారంటీ కార్డు ఉండదు.

మారేడుపల్లి ఒప్పుకోదని తెలుసు. "తాతల నాటి ఇల్లండీ, డబ్బుతో కొలుస్తారా?" అంటుంది. మల్లన్నసాగర్ కింద పోయిన వేములఘాట్ కూడా రిలే దీక్షలు పట్టి అదే మొత్తుకుంది. అప్పుడు మనం "అభివృద్ధికి అడ్డుపడుతున్నారు" అని చాయ్ తాగాం.

డ్యాము కట్టండి, కాదనను. ముంపువాళ్లు కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించి, కొత్త పొలంలో నాగలి పెట్టాకే గేట్లు దించండి. ఈలోగా త్యాగం మీద ఉపన్యసించదలచిన వారు ఎవరైనా సరే, తమ ఇంటి డాక్యుమెంట్ల జిరాక్స్ జతపరచవలెను.