ఐపీ ప్రాప్తిరస్తు

మిర్చి ధర పడ్డ ఏడాది మన పల్నాడులో ఒక పంట మాత్రం విరగకాస్తుంది. ఐపీ నోటీసు, అంటే దివాలా పిటిషన్ నోటీసు. ఇప్పుడదే కోతకొచ్చింది. నరసరావుపేట టీకొట్టు దగ్గర "ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట" అని చెప్పుకుంటుంటే, కొడుక్కి ఐఏఎస్ వచ్చిందన్నంత మర్యాద ఆ గొంతులో! "ఇంక ఆయన జోలికి ఎవడూ పోలేడు" అన్న తీర్పు కూడా అక్కడే వెలువడుతుంది. జడ్జిగారికి ఆ శ్రమ తప్పింది.

పిటిషన్‌తో జతచేసే ఆస్తుల జాబితా ఎప్పుడైనా చదివారా? ఇంత కరుణరసం ఏ హరికథలోనూ దొరకదు. మొన్నటిదాకా కారేసుకుని కల్లాల చుట్టూ తిరిగి, మిర్చి టిక్కీలకు టిక్కీలు అరువు మీద ఎత్తుకెళ్ళిన పెద్దమనిషికి మిగిలినవి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను, నాలుగు స్టీలు గిన్నెలు, కట్టుబట్టలు. ఫ్యాను తిరుగుతుందో లేదో రాయరు.

మరి ఆ రెండంతస్తుల మేడ? అది ఇల్లాలిది. పసుపు కుంకుమల కింద రాసిచ్చాడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు, సరిగ్గా పిటిషన్‌కు ఆరు నెలల ముందు, గుర్తొచ్చింది పాపం. కారు బావమరిదిది, ఈయన ఊరికే తోలిపెడుతుంటాడు. కోల్డ్ స్టోరేజీలో సరుకు మేనల్లుడిది. ఆ కుర్రాడు డిగ్రీ రెండో ఏడాది, అప్పుడే ఎంత వృద్ధిలోకొచ్చాడో చూడండి. ఇంటిల్లిపాదికీ తలో ఆస్తి పంచి, అప్పులు మాత్రం మొత్తం తన పేరునే ఉంచుకున్న త్యాగమూర్తి ఈయన.

అప్పులవాళ్ళ జాబితాలో రెంటచింతల రైతు, కారంపూడి రైతు, దుర్గి రైతు. మధ్యలో ఎవరూ ఎరగని దూరపు చుట్టం ఒకాయన, అందరికంటే పెద్ద ప్రోనోటుతో. ఆయనొక్కడే ఏడవడు.

ఇదంతా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం చలవ. 500 రూపాయలు బాకీపడి కట్టలేకపోతే దివాలా అడగొచ్చని అందులో ఉంది. ఆ డబ్బుకి ఇవాళ బండి ట్యాంకు నిండదు. ఆ చట్టం వచ్చిన రెండేళ్ళకే, 1922 ఫిబ్రవరిలో, పుల్లరి పన్ను కట్టనన్న కన్నెగంటి హనుమంతును ఈ గడ్డమీదే కాల్చి చంపారు. పుల్లరి పోయింది, తెల్లదొరలూ పోయారు, ఈ చట్టం మాత్రం మిగిలింది. 2016లో కొత్త దివాలా కోడ్ తెచ్చారు. అందులో మామూలు మనిషి అప్పుల సంగతి చెప్పే భాగాన్ని, కంపెనీలకు హామీ ఉన్నవాళ్ళకు తప్ప, అమల్లో పెట్టనే లేదు.

పాతదైనా ఆ చట్టం అబద్ధం ఆడలేదు. ఆడుతున్నది మనుషులు. ఐపీ అంటే "కట్టలేను, దివాలాదారుగా ప్రకటించండి" అనే అర్జీ. అర్జీ పడేస్తే అప్పు పోదు. కోర్టు ప్రకటించినా పోదు, ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది. విడుదల ఉత్తర్వు మళ్ళీ వేరే అడుక్కోవాలి. మోసంతో చేసిన అప్పు దాంతోనూ రద్దు కాదు. సర్కారు బాకీ కూడా కాదు, తన డబ్బు విషయంలో సర్కారు ముందే జాగ్రత్తపడింది! ఆస్తి దాచినా, లెక్కల పుస్తకాలు మాయం చేసినా ఏడాది దాకా జైలు. రెండేళ్ళలోపు ఊరికే రాసిచ్చిన మేడను కోర్టు రద్దు చేయొచ్చు. ఇవన్నీ పిటిషన్ రాసిన వకీలుకు తెలియవా? కంఠతా వచ్చు. నోటీసందుకున్న రైతుకే ఎవరూ చెప్పరు. అతడు దాన్నే తీర్పనుకుని ఇంట్లో కూలబడతాడు. కౌలు డబ్బు, కూలి డబ్బు, పురుగుమందుల కొట్టు బాకీ అన్నీ అతని నెత్తినే. అతనూ బాకీదారుడే, అతనెందుకు ఐపీ పెట్టడు? పరువు. ఆ పరువుకే కొందరు పురుగుమందు డబ్బా ఎత్తారు. టీకొట్టు మేధావులు దీని గురించి గొంతెత్తరే?

నోటీసందుకున్న రైతులారా, వాయిదాకి వెళ్ళండి. అందరూ కలిసి వెళ్ళండి. తూకం చీటీ, తెల్లకాగితం, ఫోన్లో మెసేజీ, ఏదుంటే అది పట్టుకెళ్ళండి. వకీలుకి ఇచ్చే స్తోమత లేకపోతే న్యాయ సేవల కమిటీలో అర్జీ పెట్టండి. ఐపీ పెట్టినాయన్ని బోనెక్కించి అడిగించండి: మేడ రిజిస్ట్రేషన్ ఏ తేదీన అయింది? మేనల్లుడికి మిర్చి కొనే డబ్బు ఎక్కడిది? ఆ దూరపు చుట్టం అంత సొమ్ము ఇచ్చాడు కదా, ఏ బ్యాంకులోంచి తీశాడు?