మందు కొట్టి పిలిచిన చుట్టాలు

తమిళనాడులోని ఆలంగాయంలో ఇప్పుడు పెరట్లో నాలుగు వంగ మొక్కలున్న ప్రతి పెద్దమనిషీ ప్రకృతి ప్రేమికుడే. గట్టు చుట్టూ బంతి నాటుతాడు, కొత్తిమీరను పూతకు వదిలేస్తాడు, పక్కన అలసంద గింజలు గుచ్చుతాడు. మిత్ర పురుగులు వచ్చి పేనుబంకను తినిపోతాయి, కాయలు కోసుకోవడమే తన వంతు. ఇంతవరకు శాస్త్రం ఆయన పక్షమే. సిర్ఫిడ్ ఈగకు, అల్లిక రెక్కల పురుగుకు పెద్దయ్యాక తేనె, పుప్పొడి కావాలి మరి.

చిక్కంతా చుట్టానికి విస్తరి వేసే దగ్గరే. ఆకు అడుగున పది పేనుబంకలు కనబడ్డాయా, ఆయనకు నిద్ర పట్టదు. సాయంత్రానికి పిచికారీ. తోటలో పురుగన్నది ఉండకూడదు, పురుగును తినేవి మాత్రం గుంపులుగా దిగాలి!

తీరా దిగినా గుర్తుపడతాడా? అక్షింతల పురుగు పిల్లది నల్లటి ఒళ్లు, ముళ్లు, నారింజ మచ్చలు, చూస్తేనే దుర్మార్గుడి వాలకం. పేనుబంకను నమిలేది అదే. దాన్ని వేలితో నలిపేస్తాడు. 28 చుక్కల ఎపిలాక్నా పెంకు పురుగు వంగాకును గీకి తింటుంటే మాత్రం ముచ్చటపడి ఫొటో తీసి, 'మా తోటకు మిత్రులొచ్చారు' అని బంధువులందరికీ పంపుతాడు.

వేలూరు ముళ్ల వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాయ తొలిచే పురుగు ఆ పత్రం చదివినట్టు లేదు. అది మొవ్వులో దూరాక ఏ మందూ అందదు, గుడ్డు దశలోనే పట్టాలి. అందుకే ట్రైకోకార్డు, అంటే బదనికలు పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్ట. సీసీకి సుమారు 20 వేల గుడ్లు, వాటిలోంచి మిల్లీమీటరైనా లేని బదనికలు వచ్చి తొలిచే పురుగు గుడ్లను పడతాయి. మనవాడు పొద్దున కార్డు కడతాడు, మధ్యాహ్నం 'ఎందుకైనా మంచిది' అని మందు కొడతాడు.

మందు ఆపితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. 2008లో కోయంబత్తూరులో బయటపడ్డ బొప్పాయి పిండినల్లి మల్బరీకీ కర్రపెండలానికీ పాకింది. మైనపు పొర కప్పుకున్న దానికి మందులు ఎక్కలేదు. 2010లో బెంగళూరు శాస్త్రవేత్తలు ప్యూర్టో రికో నుంచి బదనికలను తెప్పించి వదిలితే అణిగింది. రైతు చేయాల్సిన పని ఒక్కటే, మందు కొట్టకుండా ఉండటం. ఆ సరుకు ఏ అంగడిలోనూ దొరకదు, దానికి రసీదూ రాదు. మన పెద్దమనిషికి నమ్మకం కుదరనిది అక్కడే.

మొన్న సంతరోజు మందుల అంగడిలో ఆయన గొంతు తగ్గించి అడిగాడట: "మిత్ర పురుగులు తొందరగా రావాలంటే ఏ మందు కొట్టాలప్పా?"