యముడి డ్యూటీ

జనవరి వచ్చిందంటే యమధర్మరాజుకి మన కూడళ్లలో డ్యూటీ పడుతుంది. అద్దె కిరీటం, అట్ట గద, భుజాన పాశం. పక్కన చిట్టా పట్టుకుని చిత్రగుప్తుడు. హెల్మెట్ లేనివాణ్ని ఆపి యముడు గద ఊపుతాడు, ఎస్సైగారు గులాబీ ఇస్తారు, ఫొటోగ్రాఫరు "ఇంకొక్కసారి సార్" అంటాడు. బండివాడు పువ్వు జేబులో దోపుకుని, బోడితలతోనే వెళ్లిపోతాడు. దీన్నే రోడ్డు భద్రత అంటున్నాం.

2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. అందులో 50,029 మంది హెల్మెట్ లేనివాళ్లు. హెల్మెట్ వల్ల తలగాయాల ముప్పు మూడింట రెండు వంతుల దాకా తగ్గుతుందని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి కనుక (మోచేతికి తగిలించుకుంటే కాదు లెండి) ఆ విషయంలో యముడితో నాకు పేచీ లేదు. మిగిలిన లక్షా పద్దెనిమిది వేల పైచిలుకు మంది కోసం ఏ వేషం కట్టాలన్నదే నా సందేహం.

కేసు కాగితం చూడండి. ముద్దాయి ఎప్పుడూ డ్రైవరే. "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న ముక్క స్టేషన్ రైటరు కళ్లు మూసుకునైనా రాసేస్తాడు. దాబా ముందు ఎవరో పగలగొట్టిన డివైడరు, చీకట్లో టెయిల్ లైటు లేకుండా ఆగిన లారీ, దీపం లేని మలుపు, ఇవేవీ ఆ కాగితంలోకి రావు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. లక్షంటే శంకుస్థాపన నాటి షామియానా ఖర్చు.

విలియం హాడన్ అనే అమెరికా డాక్టరు ఉండేవాడు. 1966లో వాళ్ల హైవే భద్రతా సంస్థకి తొలి అధిపతి. ప్రమాదాన్నీ రోగంలాగే చూడాలన్నాడు. మనిషి, బండి, పరిసరాలు ఒకవైపు. ప్రమాదానికి ముందు, ఆ క్షణం, ఆ తర్వాత మరోవైపు. మొత్తం తొమ్మిది గళ్లు. మన అవగాహన సదస్సులన్నీ అందులో మొదటి గడిలోనే కుర్చీలు వేసుకుని, టీ తాగి, సమోసా తిని లేచిపోతాయి. మలేరియా వచ్చినప్పుడు మాత్రం నిలవనీటి గుంట వదిలేసి, రోగికి పువ్విచ్చి "ఇకమీదట కుట్టించుకోకు నాయనా" అని చెప్పడం లేదు, సంతోషం. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకి ప్రాణం పోకుండా రోడ్డు వెయ్యాలి అని స్వీడన్ 1997లో పార్లమెంటులోనే తీర్మానించుకుంది. పాపం, అక్కడ యముడు లేడు.

మన దగ్గర ప్రమాదకరమైన చోటుకి కూడా అర్హత పరీక్ష ఉంది. జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణం తీసినవో, తీవ్రంగా గాయపరిచినవో ఐదు ప్రమాదాలు జరగాలి, లేదా పదిమంది చావాలి. అప్పుడే అది బ్లాక్ స్పాట్. నాలుగు ప్రమాదాల్లో తొమ్మిదిమందిని మింగిన మలుపు ఇంకా పాసు కాలేదన్నమాట. పదోవాడు ఎవరో గానీ, ఊరికి ఉపకారం చేసి పోతాడు.

అవగాహన లేదని పేరుపడ్డ ఊరివాళ్లకి అంత ఓపిక ఉండదు. బడిపిల్లని లారీ గుద్దిన రాత్రే సిమెంటు కలిపి రోడ్డుకి అడ్డంగా గట్టు పోసేస్తారు. ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. వీళ్లది మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. తెల్లరంగు లేదు, బోర్డు లేదు. వెనక సీట్లో పక్కకి కూర్చున్న పెద్దావిడ ఎగిరి పడుతుంది. అప్పుడు ఇంజనీరుగారికి కబురు అందుతుంది. వచ్చి, అనుమతి లేని కట్టడమని మర్నాడే తవ్వించేస్తారు. ఆ పనికి టెండరూ అక్కర్లేదు, పదిమంది లెక్కా అక్కర్లేదు.