తీర్పుతోబాటు ఒక బామ్ డబ్బా

చట్టం తెలియదంటే కుదరదు. జరిగిన సంగతి పొరబడితే భారతీయ న్యాయ సంహిత మన్నిస్తుంది గాని, చట్టాన్నే పొరబడితే మన్నించదు. కాబట్టి కూర్చుని చదువుకోండి.

చట్టమంటే పార్లమెంటు అచ్చేసిన పుస్తకాలేనని సంబరపడకండి. దొరలు పోతూ పోతూ కామన్ లా అనే ఆస్తి మనకి వదిలి వెళ్లారు. పెద్ద కోర్టు నిన్న చెప్పిన మాట ఇవాళ చట్టం. రాజ్యాంగం 141వ అధికరణమూ అదే అంటుంది. రాత్రి భోంచేశాక 1973 నాటి కేశవానంద భారతి తీర్పుతో మొదలెట్టండి. 13 మంది జడ్జీలు, 11 తీర్పులు, సుమారు 700 పేజీలు.

బోధపడలేదా? సిగ్గుపడకండి, సుప్రీంకోర్టుకే ఒక్కోసారి బోధపడదు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక ఇల్లు ఖాళీ చేయించే కేసులో ఇచ్చిన తీర్పు ఏం చెబుతోందో తెలియక, 2017లో దాన్ని కొట్టేసి మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. 2021లో అక్కడినుంచే ఇంకో తీర్పు వచ్చింది. అది చదివాక తలకి టైగర్ బామ్ రాసుకోవలసి వచ్చిందని జస్టిస్ ఎం.ఆర్. షా విచారణలోనే అన్నారు. మరి కక్షిదారు తల మాటేమిటి? సర్టిఫైడ్ కాపీతోబాటు ఒక డబ్బా ఇప్పించి, ధర కోర్టు ఫీజులో కలుపుకోవాలని మనవి. 300 పేజీలు దాటితే రెండు.

నిజానికి కామన్ లా నిండా కథలే. 1928లో స్కాట్లండులోని పైస్లీలో ఒకావిడ తాగుతున్న జింజర్ బీరు సీసాలోంచి కుళ్లిన నత్త పడిందట. సీసా కొన్నది ఆవిడ కాదు, స్నేహితురాలు. అయినా తయారుచేసినవాడికి తాగేవాళ్ల పట్ల బాధ్యత ఉందని 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. నిర్లక్ష్యానికి నష్టపరిహారం అడిగే వాదనల్లో ఇవాళ్టికీ ఆ నత్త పాకుతూనే ఉంది. (అసలు నత్త ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు, అది వేరే సంగతి.) చూశారా, నాలుగు ముక్కల్లో చెప్పేశాను. నన్నెవరూ ప్లీడరుగా పెట్టుకోకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు సుప్రీంకోర్టు తీర్పులు తెలుగులోనూ దొరుకుతున్నాయి. సంతోషం. వాటికి ఒక గమనిక తగిలిస్తారు: ఇది కక్షిదారు తన భాషలో తెలుసుకోవడానికి మాత్రమే, మరి దేనికీ వాడరాదు, ఇంగ్లీషు ప్రతే ప్రామాణికం. అంటే, అర్థమైన కాగితం చెల్లదు, చెల్లే కాగితం అర్థం కాదు.

తెలంగాణ హైకోర్టు 2023లో ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు రాసింది. ఇంగ్లీషు ప్రతీ జతచేసింది లెండి. కక్షిదారులే స్వయంగా చదివేసుకుని, గెలిచారో ఓడారో ఫీజు చెల్లించకుండా తెలుసుకునే పరిస్థితి! ప్లీడర్లు విధులు బహిష్కరించకుండా ఎలా ఊరుకున్నారో మరి.