ఊడిన బుష్షు పద్యానికి టీకా తాత్పర్యం

మూడు కాళ్లలోన ముందరి కాలిదౌ
రబ్బరూడిపోయె రాతినేల
పైన జారు నదియు పాదమొక్కటి లేక
కోఠి తిరుగ దొరకు కొత్త బుష్షు

అవతారిక: ఒకానొక పెళ్లి వీడియోగ్రాఫరు మాంగల్యధారణ వేళ కెమెరాను పెళ్లికొడుకు వైపు తిప్పబోగా, కెమెరాతోపాటు స్టాండు కూడా తిరిగిన సందర్భంలో ఈ ఆటవెలది వెలువడింది. కవి పేరు తెలియదు. మూలంలో లేనిదాని జోలికీ అక్కర్లేని మాట జోలికీ పోనని నియమం పెట్టుకున్నవాడు మన మెదకుసీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం: మూడు కాళ్లలోన = ట్రైపాడ్ కాళ్లు మూడింటిలో; ముందరి కాలిదౌ = లెన్సు వైపు నిలిపిన కాలికి చెందిన; రబ్బరు = అడుగు తొడుగు; ఊడిపోయె = ఎక్కడో పడిపోయింది (వ్యాన్ డిక్కీలోనే అని కొందరు); రాతినేలపైన = కల్యాణ మండపపు పాలిష్ గ్రానైటు మీద; అదియు = ఆ స్టాండు; పాదమొక్కటి లేక = ఒక్క బుష్షు లేనందుకు; జారును = జారుతుంది; కోఠి తిరుగ = హైదరాబాదు కోఠి బజారంతా తిరగగా; కొత్త బుష్షు దొరకు = దీని సంగతి కింద చూడండి.

తాత్పర్యం: బుష్షు పోయింది, స్టాండు జారుతోంది, కోఠికి వెళ్లాలి.

విశేషాలు: మూడు కాళ్లదానికి ముందూ వెనకా ఏమిటి, యతి కోసం తెచ్చిన ‘ముందరి’ కదా అని ఆక్షేపణ. కాదు. బరువైన లెన్సు ముందుకు తూగుతుంది కనుక ఒక కాలు దాని కిందికి వచ్చేలా నిలపడం కెమెరావాళ్ల ఆచారం. కవికి పని తెలుసు.

తెలిసినవాడు బుష్షు ఊడిన నాడే ఎందుకు చూసుకోలేదు? ఇదీ అసలు ప్రశ్న. నాలుగు కాళ్ల కుర్చీకి ఒక బుష్షు పోతే చాలు, కూర్చున్నవాణ్ణి టకటకా ఊపి ఊరంతటికీ చెబుతుంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి ట్రైపాడ్ ఊగదు. కాస్త ఒరుగుతుంది. కెమెరామన్ స్టాండు మీది నీటిబుడగ చూసి దాని తల సరిచేసుకుంటాడు, పని నడిచిపోతుంది. ఈ మర్యాదస్తపు గుణమే కొంప ముంచేది. ముహూర్తం దాకా గుట్టు బయటపడదు.

ఇక ‘దొరకు’. ఇది కాకువు. ‘ఆఁ, దొరుకుతుంది మరి!’ అని ఎత్తిపొడుపుగా చదవాలి. కెమెరా దుకాణంలో బుష్షు అడిగితే దొరికే జవాబు కొత్త స్టాండు ధర. మరీ అడిగితే ఆ మోడల్ ఆగిపోయిందంటారు.

కవి చెప్పకుండా దాటేసింది బుష్షు జాతి. మరతో బిగించే రకమైతే చాలా స్టాండ్లలో ఆ మర 3/8 అంగుళానిది, అంగుళానికి 16 చుట్లు. కెమెరా అడుగున ఉండేది దీని తమ్ముడు, 1/4 అంగుళం, 20 చుట్లు. బోల్టుల షాపులో చూడ్డానికి అలాగే ఉందని 10 మిల్లీమీటర్ల బోల్టు చేతిలో పెడతారు. అది దూరదు, బలవంతం చేస్తే మర చెడుతుంది. పాత విట్‌వర్త్ మరకు కూడా 3/8 దగ్గర 16 చుట్లే. పంటి కోణం మాత్రం 60 డిగ్రీలకు బదులు 55. బుష్షు పాటి పనికి ఆ భేదాన్ని క్షమించవచ్చు.

గొట్టానికి బయటినుంచి తొడిగే రకమైతే అదృష్టం. దాని చిరునామా కెమెరా బజారు కాదు, మందుల షాపు. తాతల చేతికర్రకు వేసే రబ్బరు బుష్షులు 19, 22, 25 మిల్లీమీటర్ల లోపలి కొలతల్లో వస్తాయి, కొత్త స్టాండు ధర ముందు వాటి ఖరీదు లెక్కలోకే రాదు. కొలవడానికి వెర్నియర్ లేకపోతే గొట్టం చుట్టూ కాగితం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. 69 మిల్లీమీటర్లు వస్తే మీది 22 బుష్షు. వదులైతే సైకిలు ట్యూబు ముక్క ఒక చుట్టు. కర్ర గట్టిది, ట్రైపాడ్ కాలు బోలుది, దాని అంచు రబ్బరును కోసుకుంటూ కిందికి దిగుతుంది. అందుకని అడుగున ఇనుప వాషరున్న బుష్షునే అడగండి, లేకపోతే మీరే ఒకటి వేయండి. మూడూ ఒకేసారి మార్చండి, మిగిలిన రెండింటి రబ్బరుదీ అదే వయసు.

పాఠపరిష్కరణ: నాలుగో పాదంలో ‘కోఠి’ తీసేసి ‘మందుల షాపు’ అని దిద్దుదామంటే గణం కుదరదు, యతి అసలే కుదరదు. పాఠకులు ఛందస్సు చెడినా సరే, మందుల షాపనే చదువుకోండి.